పురుగు లోపలి కాపురం

కల్లు ముంత చుట్టూ మూగే చిన్నీగల్ని మనం తాగుబోతుల కింద జమకట్టేస్తాం. వాటి పిల్లలకి ఆ కల్లు మందు అని చాలామందికి తెలీదు.

ఈ ఈగ పేరు డ్రోసోఫిలా. పులిసిన పండు మీద, కల్లు కుండ అంచు మీద గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పురుగు ఆ పులుపులోనే ఈదుతూ పెరుగుతుంది. దాన్ని వెతుక్కుంటూ నువ్వుగింజంత కూడా లేని ఒక నల్ల కందిరీగ వస్తుంది. లెప్టోపిలినా అంటారు. వాసన పట్టుకుని వచ్చి, గుజ్జులోకి సన్నటి గొట్టం దించి, తగిలిన ఈగ పురుగు ఒంట్లో ఒక గుడ్డు పెట్టి పోతుంది. అందులోంచి వచ్చిన పిల్ల ఈగ పురుగుని లోపల్నుంచి తింటుంది గాని తొందరపడి చంపదు, చంపితే తన తిండే కుళ్ళిపోతుంది. ఈగ పురుగు గూడు కట్టుకుని ఈగగా మారే ప్యూపా దశకి చేరాక మిగిలినదంతా ఊడ్చేసి, ఈగ రావలసిన గూట్లోంచి కందిరీగ బయటికొస్తుంది. ఆశ్రయమిచ్చిన జీవిని చివరికి చంపి తీరే ఇలాంటి వాటిని మన వ్యవసాయ పుస్తకాల్లో బదనికలు అంటారు.

ఈగ ఊరికే లొంగదు. దాని రక్తకణాలు కందిరీగ గుడ్డుని చుట్టుముట్టి, నల్లటి పెంకు కట్టేసి, లోపలే చంపేస్తాయి. దానికి విరుగుడుగా కందిరీగ గుడ్డుతో పాటు విషం కూడా దించి ఆ కణాల్నే పాడుచేస్తుంది. అప్పుడు ఈగ కల్లు దారి పడుతుంది. గుడ్డు పడిన ఈగ పురుగులు ఆల్కహాల్ ఎక్కువున్న మేత వైపు జరుగుతాయని 2012లో అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయం వాళ్ళు చూపించారు. ఆ మేతకి ఒంట్లోని కందిరీగ పిల్ల చస్తుంది, ఈగ పురుగు తట్టుకుంటుంది. పులుపులో పుట్టిన జాతికి అది తరతరాల అలవాటు. మరుసటి ఏడాది అదే బృందం ఇంకోటి బయటపెట్టింది: కందిరీగలు కంటపడితే చాలు, తల్లి ఈగ గుడ్లు పెట్టడానికి ఆల్కహాల్ ఉన్న చోటే చూసుకుంటుంది. కల్లు ఒంటికి మంచిదని వాదించే మా ఊరి పెద్దల చేతికి ఈ పరిశోధన చిక్కకూడదని నా కోరిక.

భ్రమరకీట న్యాయం మన వైపు హరికథలు విన్న ప్రతివాళ్ళకీ తెలుసు. భ్రమరం ఒక పురుగుని పట్టి మట్టిగూట్లో పెట్టి మూసేస్తుంది. చుట్టూ తిరుగుతూ ఝుంకారం చేస్తుంది. లోపలున్న పురుగు భయంతో దాన్నే తలుచుకుంటూ తలుచుకుంటూ తనే భ్రమరమై బయటికొస్తుంది. జీవుడు దేవుడయ్యే దారికి ఇది పోలిక. చూసినవాళ్ళు బాగానే చూశారు, లోపలికెళ్ళింది గొంగళి, బయటికొచ్చింది కందిరీగ. మధ్యలో జరిగిన భోజనాన్ని ధ్యానం అనుకున్నారంతే. దాన్ని వెక్కిరించాలని కాదు నేను చెప్పడం. ఆ కథలో పాత్రలు రెండే, పట్టినది ఒకటి, పట్టుబడినది ఒకటి. ఇవాళ్టి మన పొలం పాఠాల్లోనూ పాత్రలు ఆ రెండే. నా తగువు అక్కడ.

మూడో పాత్ర కంటికి ఆనదు. స్పైరోప్లాస్మా అనే బాక్టీరియా, మెలితిరిగిన సన్నటి పోగు. ఈగ రక్తంలో కాపురముంటుంది, తల్లి నుంచి గుడ్డు ద్వారా పిల్లలకి దిగుతుంది. డ్రోసోఫిలాల్లో హైడై అనే జాతి ఉంది. ఈ బాక్టీరియా ఉన్న హైడై పురుగుల్లో లెప్టోపిలినా పిల్లలు ఎదగలేక చస్తున్నాయని, ఈగలు ఎక్కువ సంఖ్యలో బతికి బయటపడుతున్నాయని 2010లో టెక్సస్ శాస్త్రవేత్తలు చూపించారు. అదే ఏడాది జాన్ జైనికే బృందం పుట్టగొడుగుల మీద బతికే ఇంకో డ్రోసోఫిలా కథ చెప్పింది. ఆ ఈగకి శత్రువు కందిరీగ కాదు, ఆడ ఈగని గుడ్లు పెట్టనివ్వని ఒక నులిపురుగు. స్పైరోప్లాస్మా ఉన్న ఈగలు నులిపురుగు పట్టినా గుడ్లు పెడుతున్నాయి. 1980ల నాటి ఈగల్లో ఆ బాక్టీరియా కొద్దిగానే ఉండేది. పాతికేళ్ళు తిరిగేసరికి తూర్పు అమెరికాలో చాలా మటుకు ఈగలు దాన్ని మోస్తున్నాయి. లేనివి వెనకబడ్డాయి, ఉన్నవి వంశం పెంచుకున్నాయి. పరిణామం మన కళ్ళ ముందే, మన వయసులోనే జరిగిందన్నమాట.

ఈ బాక్టీరియా చంపే తీరు మనకి పరిచయమున్నదే. ఆముదం గింజలో రైసిన్ అనే విషం ఉంటుంది. కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోముని ఒకే ఒక్క చోట దెబ్బతీసి పని ఆపేస్తుంది. స్పైరోప్లాస్మా తయారుచేసే విషాలూ ఆ కుటుంబానివే. నులిపురుగు రైబోజోముల మీద, కందిరీగ పిల్ల రైబోజోముల మీద సరిగ్గా ఆ చోటే గాటు కనపడింది. దానికి తోడు, ఈగ రక్తంలోని కొవ్వుని కందిరీగ పిల్లకి దక్కనివ్వకుండా ఇదే మెక్కేస్తుంది. ఈ కాపలా ఊరికే రాదు. డ్రోసోఫిలా మెలనోగాస్టర్‌లో ఉండే స్పైరోప్లాస్మా మగపిల్లల్ని గుడ్డులోనే చంపేస్తుంది. ముసలి ఈగల ఆయుష్షు తగ్గిస్తుంది. మగవాటి ద్వారా తర్వాతి తరానికి పోలేదు కాబట్టి మగవాటితో దానికి పనిలేదు. కాపలాదారు అంటామా, దోపిడీదారు అంటామా? కందిరీగలు ఎక్కువున్న ఏడు ఒకటి, లేని ఏడు ఇంకొకటి.

పెసర, మినుము వేసేవాళ్ళకి పేనుబంక కొత్త కాదు. బఠాణీ మీద వచ్చే పేనుబంకలో హామిల్టోనెల్లా అనే బాక్టీరియా ఉంటే, దాన్ని కుట్టిన కందిరీగ పిల్లలు చాలావరకు బతకవని 2003లో తేలింది. ఇంకా తవ్వారు. ఆ కాపలా బాక్టీరియాలో దాగిన ఒక వైరస్ మీద ఆధారపడి ఉందట, వైరస్ పోతే రక్షణా పోతుందని 2009లో చెప్పారు. పేనుబంక లోపల బాక్టీరియా, దాని లోపల వైరస్, పైనుంచి కుట్టే కందిరీగ. బఠాణీ రైతు ఇందులో ఎవరికి దండం పెట్టుకోవాలి?

మన దగ్గర రైతులకి చేలోనే పాఠం చెప్పే పొలంబడిలో చూపించే పటం ఒకటుంది. ఒక పక్క మిత్ర పురుగులు, ఇంకో పక్క శత్రు పురుగులు. కనపడిన పురుగునల్లా చంపే అలవాటుకి ఆ పటం కొంత అడ్డుకట్ట వేసింది, కాదనను. చీపురుపల్లి వైపు ఉండే మా చిన్నాన్న లాంటివాళ్ళకి సాలీడు, అక్షింతల పురుగు చేనుకి కాపలా అని ఎక్కింది ఆ పటంతోనే. కానీ పటం మీద పురుగు పేరు మాత్రమే ఉంటుంది. ఒకే పేరున్న రెండు పురుగులు, లోపలి కాపురాన్ని బట్టి రెండు రకాలుగా ప్రవర్తిస్తాయన్న సంగతికి అందులో చోటు లేదు. మనం వదిలిన బదనిక ఒక ఊళ్ళో పనిచేసి పక్క ఊళ్ళో చెయ్యకపోతే, రైతు సరిగ్గా వదల్లేదనో, బదనికలు అంటించి ఇచ్చిన కార్డు నకిలీదనో తేల్చేస్తాం. పక్క ఊరి పురుగు లోపల ఏముందో చూడాలన్న ఆలోచనే రాదు.

ఇదంతా సంక్రాంతికి వెళ్ళినప్పుడు అరుగు మీద చిన్నాన్నకి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "ఇయన్నీ మాకెందుకురా, ఏ మందు కొట్టాలో సెప్పు సాలు" అన్నాడు.

"మరి ఒకప్పుడు దోమని తట్టుకున్న వరి రకం ఇప్పుడెందుకు తట్టుకోట్లేదు చిన్నాన్నా?"

"దోమ మారిపోనాది గదా" అన్నాడు టక్కున. ఇక్కడ దోమంటే మనల్ని కుట్టేది కాదు, వరి రసం పీల్చే సుడిదోమ.

వ్యవసాయ శాఖలో పనిచేసే స్నేహితుడు ఒకడు రైతులకి తేలిగ్గా చెప్పాలి, ఎక్కువ చెప్తే గందరగోళ పడతారు అంటుంటాడు. దోమ పేరు అదే ఉండి లోపల దోమ మారిపోతుందని ఏ పుస్తకం చదవకుండా చెప్పిన మనిషికి, పురుగు లోపల ఇంకొకటి కాపురముంటుందని చెప్తే గందరగోళమా? గందరగోళం పటం గీసినవాళ్ళకి వస్తుంది, మళ్ళీ గీయాలి కాబట్టి.

చెరకు వేసినవాళ్ళకి ట్రైకో కార్డు తెలుసు. అట్టముక్క మీద బియ్యపు చిమ్మట గుడ్లు అంటించి, వాటిలో ట్రైకోగ్రామా కందిరీగలు గుడ్లు పెట్టాక, ఆ ముక్కల్ని ఆకు అడుగున తగిలిస్తారు. మిల్లీమీటరులో సగం ఉండే కందిరీగలు బయటికొచ్చి పీక పురుగు గుడ్లని వెతికి వాటిలో తమ గుడ్లు పెడతాయి. కందిరీగల్లో లెక్క ఏమిటంటే, మగతో కలిసి పెట్టిన గుడ్డు ఆడది అవుతుంది, కలవకుండా పెట్టింది మగది అవుతుంది. పొలంలో పనికొచ్చేది ఆడదే. కొన్ని ట్రైకోగ్రామా వంశాల్లో మగవి అసలు కనపడవు, తల్లి కూతుళ్ళని, కూతుళ్ళు మనవరాళ్ళని మగతోడు లేకుండానే కంటూ పోతాయి. 1990లో రిచర్డ్ స్టౌట్‌హామర్, ఆయన సహచరులు అలాంటి తల్లులకి యాంటీబయాటిక్ పెట్టి చూశారు. మగపిల్లలు పుట్టుకొచ్చాయి! ఆడపిల్లలే పుట్టడం కందిరీగ గుణం కాదు, దాని గుడ్లలో కాపురమున్న బాక్టీరియా పని. తర్వాత అది వోల్బాకియా అని గుర్తుపట్టారు. పెంచే చోట వేడి ఎక్కువైనా ఆ బాక్టీరియా తగ్గి మగవి పుడతాయి. మరి మన కార్డు మీద జాతి పేరు, తయారీ తేదీ రాసి ఊరుకుంటే ఎలా? ఏ వంశం, లోపల ఏముంది, ఎంత వేడిలో పెంచారు అన్నవి కూడా రైతుకి దక్కాల్సిన సమాచారమే.

ఈ యాంటీబయాటిక్కుల్లో ప్రయోగశాలల వాళ్ళు ఎక్కువగా నమ్ముకున్నది టెట్రాసైక్లిన్. వోల్బాకియాని ఇంట్లోంచి ఖాళీ చేయించాలంటే మొదట గుర్తొచ్చేది అదే. ఖాళీ చేయిస్తే ఏమవుతుందో ముందుగా చెప్పలేం. ఫ్రాన్సులో లియాన్ శాస్త్రవేత్తలు 2001లో అసోబారా టాబిడా అనే డ్రోసోఫిలా బదనికకి యాంటీబయాటిక్ పెట్టి వోల్బాకియాని పోగొట్టారు. ఆడ కందిరీగలు బాగానే ఉన్నాయి, ఎగిరాయి. అండాశయాలు తెరిచి చూస్తే గుడ్లు లేవు. ట్రైకోగ్రామాలో మగపిల్లల్ని తెచ్చిన పని, ఇక్కడ వంశాన్నే ఆపేసింది.

ఎక్కడో ఫ్రాన్సు కందిరీగల గొడవ మనకెందుకు అనుకునేవాళ్ళకి ఒక మాట. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బోదకాలు చూడకుండా పెరిగినవాళ్ళు అరుదు. మా చిన్నప్పుడు ఫైలేరియా వాళ్ళు రాత్రి తలుపు కొట్టి, నిద్రపోతున్న గుంటల్ని లేపి, వేలికి సూది గుచ్చి గాజుపలక మీద రక్తం పూసుకుపోయేవారు. పగలు రాకూడదా అని మా అప్ప గొణిగేది. పగలొస్తే లాభం లేదు. క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రి, ఫైలేరియా పురుగు పిల్లలు ఒంటి పైభాగపు రక్తంలోకి వచ్చేదీ ఆ వేళకే. ఈ క్యూలెక్స్ కుటుంబపు దోమలోనే 1924లో హెర్టిగ్, వోల్బాక్ అనే ఇద్దరు మొట్టమొదట వోల్బాకియాని చూశారు. ఆ దోమ మోసే ఫైలేరియా పురుగు ఒంట్లోనూ వోల్బాకియా ఉంది. దోమలోది, పురుగులోది వేరువేరు శాఖలు. పురుగులోది లేకపోతే పురుగు పిల్లల్ని కనలేదు, ఎక్కువ కాలం బతకనూ లేదు. టాంజానియాలో రోగులకి ఎనిమిది వారాల పాటు రోజూ డాక్సీసైక్లిన్ ఇస్తే పెద్ద పురుగులు చచ్చిపోయాయని 2005లో ప్రకటించారు. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్‌కి తోబుట్టువు. అది చంపింది పురుగుని కాదు, పురుగు లోపలున్న దాన్ని. పురుగు ఆ తర్వాత పోయింది. ఇది చదివి ఎవరూ మందుల దుకాణానికి పరిగెత్తకండి. గర్భిణులకీ చిన్నపిల్లలకీ ఆ మందు ఇవ్వకూడదు, వారాల తరబడి వాడాలి, అందుకే ప్రభుత్వం ఊరూరా పంచే మాత్రల్లో అది లేదు, డీఈసీ, ఆల్బెండజోల్ ఉన్నాయి.

మన ముత్తాతలు కూలికి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళారు. ఆ రంగం దగ్గర ఓక్‌పో అనే పల్లెలో 1967లో జర్మనీ శాస్త్రవేత్త హానెస్ లావెన్ ఒక పని చేశాడు. వేరే వంశపు మగ క్యూలెక్స్ దోమల్ని పెంచి ఊళ్ళో వదిలాడు. ఊరి ఆడ దోమలు వాటితో కలిశాయి, గుడ్లు పెట్టాయి, ఆ గుడ్లు పొదగలేదు. కొన్ని వారాల్లో ఆ పల్లెలో ఆ దోమ లేకుండా పోయింది. మగ దోమ కుట్టదు కాబట్టి జనానికి ఇబ్బంది లేదు, చుక్క మందు కొట్టే పనీ లేదు. ఆ గుడ్లు పొదక్కపోవడానికి కారణం వోల్బాకియా అని 1971లో కాలిఫోర్నియాలో యెన్, బార్ చూపించేదాకా అసలు దోషి ఎవరో లోకానికి తెలీదు. ఢిల్లీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి నడిపిన దోమల జన్యు నియంత్రణ విభాగం ఇలాంటి దారుల్లోనే పనిచేస్తుండగా, విదేశీయుల జీవాయుధ ప్రయోగమన్న దుమారం పత్రికల్లోనూ పార్లమెంటులోనూ లేచి 1975లో మూతపడింది. జనం అనుమానించడం తప్పని నేను అనను, విడమర్చి చెప్పని పని మీద అనుమానం రావడం సహజం. కానీ ఆ మూతకి బోదకాలు జిల్లాలు ఏం పోగొట్టుకున్నాయో ఎవరూ లెక్కకట్టలేదు. ఇవాళ అదే వోల్బాకియాని డెంగీ దోమలోకి ఎక్కించి ఇండోనేసియాలో యోగ్యకర్త నగరంలో వదిలారు, డెంగీ 77 శాతం తగ్గిందని 2021లో ప్రకటించారు. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ కేంద్రం కూడా అలాంటి దోమల్ని తయారుచేసి పెట్టుకుంది.

ఇక వరి చేలోకి వద్దాం. ఎండాకు తెగులు వచ్చిందంటే దుకాణంలో చేతికిచ్చే చిన్న పొట్లంలో స్ట్రెప్టోమైసిన్‌తో పాటు టెట్రాసైక్లిన్ కూడా ఉంటుంది. ప్రయోగశాలలో కొలిచి, ఒక్కో కందిరీగకి పెట్టి, తరాల తరబడి గమనించే మందుని మనం ట్యాంకులో కలిపి చేనంతా కొడుతున్నాం. సాలీడు, బదనిక, పేనుబంక, పచ్చదోమ అన్నిటి మీదా. 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ పంటల మీద ఈ రెండు మందుల వాడకాన్ని ఆపేందుకు ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. మనుషుల జబ్బులు మందులకి లొంగకుండా పోతున్నాయన్నది అందుకు కారణం. సరైన కారణమే. దాని పక్కన రెండోది కూడా రాయాలని నా వాదన: పురుగుల లోపలి కాపురాల్ని కూలగొట్టే మందు ఇది, ఏ కాపురం కూలితే ఎవరికి లాభమో తెలుసుకోకుండా కొట్టకూడదు.

శత్రువు కాపురం కూలినా మంచిదే కదా అని మీరు అనొచ్చు. నిజమే, అలాంటివీ ఉన్నాయి. ఆలివ్ కాయల్ని పాడుచేసే ఈగ మన మామిడి పండు ఈగకి దగ్గరి చుట్టం. దాని ఒంట్లో ఒక బాక్టీరియా ఉందని ఇటలీలో పెట్రి 1909లోనే రాశాడు. ఆ బాక్టీరియా లేకపోతే ఈగ పురుగు పచ్చి ఆలివ్ కాయలో పెరగలేదు. సువర్ణరేఖ కాయ కోస్తే లోపల పురుగులు కనపడిన బాధ తెలిసినవాళ్ళకి ఈ కబురు ఆశగానే ఉంటుంది. కానీ అదే మందుకి అసోబారా లాంటి బదనిక గొడ్డుపోతుంది. చేను మీద పడే చుక్క ఎవరి మీద పడాలో ఎంచుకోదు. పైగా పురుగు మందు కొట్టిన చేలో మొదట చచ్చేది సన్నగా, చిన్నగా ఉన్న బదనికే. తిరిగి ముందు పుంజుకునేది పేనుబంక. అలాంటి చోట బదనికకి ఉన్న ఆ కాస్త సంతాన బలాన్ని కూడా తీసేస్తే, వచ్చే పంటకి మనం మళ్ళీ అదే దుకాణం ముందు నిలబడతాం. దుకాణదారుకి మాత్రం ఈ లెక్కలో ఏ గందరగోళమూ లేదు.

ఇది కొలిచే పని ఢిల్లీలోనే జరగాలని లేదు. నైరలో వ్యవసాయ కళాశాల ఉంది, ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం ఉంది, విజయనగరంలో నూరేళ్ళు దాటిన మహారాజా కళాశాల ఉంది. జంతుశాస్త్రం పిల్లలతో బొద్దింక నోటి భాగాలు ఏటా అవే గీయించి రికార్డు దిద్దే బదులు, మన చేలలో పట్టిన బదనికల్లో వోల్బాకియా ఉందా లేదా డీఎన్ఏని పట్టిచూపే పీసీఆర్ యంత్రం మీద చూపించొచ్చు. పీసీఆర్ లేని కాలేజీలో కూడా పని ఆగదు. బదనికల్ని రెండు జట్లుగా పెంచి, ఒక జట్టుకి టెట్రాసైక్లిన్ కలిపిన తేనె పెట్టి, పిల్లల్లో ఆడవెన్ని, మగవెన్ని, అసలు పుట్టినవెన్ని అని లెక్కపెడితే సగం సంగతి బయటపడుతుంది. లెక్కపెట్టడానికి భూతద్దం, ఓపిక చాలు. ఎండాకు మందు కొట్టిన చేలోంచి, కొట్టని చేలోంచి బదనికల్ని పట్టుకొచ్చి వాటి సంతానాన్ని పోల్చి చూస్తే, ఆ పొట్లం మీద ఏం రాయాలో మన జిల్లా నుంచే చెప్పొచ్చు.

డ్రోసోఫిలాతో మొదలుపెట్టేవాళ్ళకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటల కంటే మంచి చోటు లేదు. ఏప్రిల్, మే నెలల్లో గింజ తీసేసిన జీడిపండ్లు చెట్ల కింద కుప్పలుగా పులుస్తుంటాయి. వెడల్పు మూతి సీసాలో నాలుగు పండ్లు నలిపి వేసి, మూత తీసి ఆ నీడలో రెండు మూడు రోజులు వదిలేయండి. ఈగలూ వాటి వెనకే కందిరీగలూ వచ్చి తమ పని చేసుకుపోతాయి. తర్వాత పల్చటి గుడ్డ కట్టి ఇంటికి తెచ్చుకుని, ఎండ తగలని చోట పెట్టండి. పదీ పన్నెండు రోజులకి ఈగలు బయటికొస్తాయి. వాటిని వదిలేసి సీసా కడిగేయకండి, గోడకి అంటుకున్న గూళ్ళలో కొన్ని ఇంకా మూసే ఉంటాయి. బదనికలు మూడో వారం దాటాక వస్తాయి.